రైలు గేటు తెరిచి ఉన్నా ఆగి చూడవలసిందే

రాయచూరు, బళ్లారి, హోసూరు, రాయగడ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అనేకులకు రైలు గేటు దాటడం దినచర్యలో భాగమే. పొలానికి పోయే ట్రాక్టరు, సంతకు పోయే ఆటో, బడిపిల్లల వ్యాను అన్నీ ఆ పట్టాల మీదుగానే పోవాలి. కనుక గేటు పనిచేసే తీరును ఇంటిల్లిపాదీ తెలుసుకొనుట అవసరం.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటును దాటుతున్న బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొన్నది. పదిమందికి పైగా చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలలో కాపలా లేని గేట్లన్నిటినీ రైల్వే శాఖ తొలగించింది. అయినను ముప్పు పూర్తిగా తొలగలేదు. 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు సమీపాన సెమ్మంకుప్పం వద్ద, కాపలాదారు ఉన్న గేటులోనే రైలు ఢీకొని బడి వ్యానులోని ముగ్గురు విద్యార్థులు మరణించారు.

కాపలాదారు ఉండగా ఇది ఎట్లు సంభవించును? గేట్లు రెండు రకాలు. మొదటి రకంలో గేటుకూ సిగ్నలుకూ లంకె ఉంటుంది. దీనినే ఇంటర్‌లాకింగ్ అంటారు. గేటు మూసి తాళం పడితే తప్ప రైలుకు పచ్చదీపం రాదు. రైలు దాటిపోయే వరకు గేటు తెరుచుకోదు. రెండవ రకంలో ఈ లంకె లేదు. స్టేషను మాస్టరు ఫోనులో చెప్పిన మాట విని కాపలాదారు గేటు మూయాలి. అక్కడ మనిషి ఏమరుపాటును అడ్డగించే యంత్రం లేదు. సెమ్మంకుప్పం గేటు ఈ రెండవ రకానికి చెందినది. మీ ఊరి గేటు ఏ రకమో బయటినుండి చూచి చెప్పడం కష్టం. కాబట్టి తెరిచి ఉన్న గేటును భద్రతకు హామీగా భావించరాదు.

రైలును డ్రైవరు ఆపలేడా అని పిల్లలు అడుగుతుంటారు. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రాలకు పట్టు తక్కువ. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు బ్రేకు వేసిన తరువాత కూడా వందల మీటర్లు సాగిపోతుంది. ఆ వేగంలో రైలు సెకనుకు సుమారు 28 మీటర్లు నడుస్తుంది. ఈల వేయవలసిన బోర్డు గేటుకు 600 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే ఈల వినబడిన తరువాత మనకు మిగిలేది ఇరవై సెకన్లే. పైగా పెద్ద వస్తువు దూరాన నెమ్మదిగా వస్తున్నట్లు కంటికి తోచి మోసపుచ్చుతుంది.

అందుచేత పట్టాలకు ముందే బండి ఆపి, పాటలు కట్టివేసి, ఇరువైపులా చూడవలెను. బడి వ్యాను అయితే సహాయకుడు దిగి చూచి సైగ చేయడం మేలు. జోడు పట్టాలున్న చోట ఒక రైలు పోగానే కదలరాదు, రెండవ పట్టాపై ఎదురు రైలు రావచ్చును. మూసిన గేటు కింద సైకిలు దూర్చరాదు. 1989 రైల్వే చట్టం 160వ సెక్షను ప్రకారం, మూసిన గేటును అనధికారికంగా తెరిచినవారికి మూడేళ్ల వరకు, విరగగొట్టినవారికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష కలదు. బండి పట్టాలపై మొరాయిస్తే ముందుగా మనుషులను దించి దూరంగా పంపి, వెంటనే కాపలాదారుకు తెలుపవలెను. రైల్వే సహాయ సంఖ్య 139. గేటుపై రాసిన నంబరు చెబితే స్థలం సులభంగా తెలుస్తుంది.

మన పిల్లలు చదివే భాష ఏదైనా కావచ్చు. తమిళంలో ‘నిల్’, కన్నడంలో ‘నిల్లి’, మరాఠీలో ‘థాంబా’ అని ఉన్న బోర్డుల అర్థం ఒక్కటే, ఆగుము. ఇంట్లో పెద్దలు ఈ మాటలను పిల్లలచేత చదివించి, గేటు వద్ద తాము ఆగి చూపితే అంతకు మించిన పాఠం లేదు.