డాక్టరా? నర్సా?

2012లో ఎంసెట్ రాస్తే ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని ఓ కాలేజీలో బీపీటీలో చేరాను, అదేనండీ ఫిజియోథెరపీ. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్.

"కాళ్లు పట్టే చదువుకి అన్నేళ్లెందుకే?" అంది మేనత్త. "అమ్మాయి డాక్టరా, నర్సా?" అని ఎవరైనా అడిగితే అమ్మ ఏదో నసిగి మాట మార్చేసేది. నాకు కష్టమనిపించింది ఆ నసుగుడే.

మొదటి ఏడాదంతా ఎముకలు, కండరాల పేర్లు బట్టీ పట్టడంతోనే సరిపోయింది. మూడో ఏడు సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ తల దువ్వించుకోవడానికి పక్కింటి పిల్లని పిలుస్తోంది. జాకెట్ తొడుక్కోవడానికీ అవస్థే. "వయసొచ్చింది కదే" అంది.

అమ్మకి షుగరుంది. భుజం పట్టేయడం నలభై దాటిన ఆడవాళ్లలో, షుగరున్న వాళ్లలో ఎక్కువని అప్పటికే చదివాను. మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమన్నాను. తిరగలేదు. నేను పట్టుకుని తిప్పినా రాలేదు. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ పెట్టి చూశాను. 180 డిగ్రీలు లేవాల్సిన చెయ్యి 90 దగ్గరే ఆగిపోయింది.

ఎముకల డాక్టరుకి చూపించాం. షుగరు అదుపులో పెట్టమన్నారు. కాపడం, గోడ మీద వేళ్లు పాకించడం, ముందుకి వంగి చెయ్యి ఊపడం రోజూ చేయించాను. నొప్పికి నన్ను తిట్టింది కూడా. పది రోజుల్లో తగ్గిస్తామనే వాళ్లని మాత్రం నమ్మకండి, ఇది నెలల తరబడి సాగేది.

ఏడు నెలలకి కొప్పు తనే ముడుచుకుంది. వీపు వెనక్కి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా అందదు. నేను ఊళ్లో లేనప్పుడు వ్యాయామం ఎగ్గొడుతోందని నా అనుమానం.