పదిహేను నిమిషాల విందు

సినిమాహాల్లో తెర మీద "విశ్రాంతి" అన్న మాట పడగానే ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. దీపాలు వెలుగుతాయి. చిన్నా పెద్దా ఒక్కసారిగా లేచి తలుపులకేసి నడుస్తారు. ఒకరికి టీ కావాలి, ఒకరికి సమోసా కావాలి, ఒకరికి మంచినీళ్లు కావాలి. సినిమాహాల్లో ఉండేది కొన్ని వందల మంది. అదే ఫుట్‌బాల్ మైదానమైతే వేల మంది! అందరికీ ఒకే సమయంలో ఆకలి, ఒకే సమయంలో దాహం. అంత మందికి పెట్టేదెవరు? ఎలా పెడతారు? ఈ సంగతి నాకు మా మనవడి కన్నీళ్ల వల్ల తెలిసింది.

మేముండేది జూబిలీ హిల్స్‌లో. పక్కనే తెలుగు సినిమాలకు పుట్టినిల్లయిన ఫిల్మ్‌నగర్. ఒకనాడు మా మనవడు, "తాతయ్యా, గచ్చిబౌలిలో ఫుట్‌బాల్ పోటీ ఉంది, పోదామా?" అన్నాడు. నేను బడిపంతులుగా ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత బంతి ఆడించినవాణ్ణే. వెంటనే సరేనన్నాను. దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన దాటి మేము గచ్చిబౌలి చేరాము.

అక్కడి క్రీడా మైదానం 2002లో జరిగిన జాతీయ క్రీడల కోసం కట్టినది. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ అదే ఏడాది హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. సుమారు 30,000 మంది కూర్చోవచ్చు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టుకు అది సొంత మైదానంగా ఉండేది. ఆ జట్టు 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో గెలిచి కప్పు తెచ్చింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా గచ్చిబౌలిలోనే జరిగింది.

మేము చూడబోయిన ఆట రాత్రి 7-30కి మొదలయింది. 8-15కి మొదటి సగం ముగిసింది. మా వాడు చేతిలో 20 రూపాయల నోటు పట్టుకుని సమోసా కోసం పరుగెత్తాడు. నేను నా చోటనే కూర్చున్నాను. పదిహేను నిమిషాలయింది. రెండో సగం మొదలయింది. మా వాడు రాలేదు. ఇంకో మూడు నిమిషాలకు గోలు పడింది. మైదానమంతా హోరెత్తిపోయింది. అప్పుడు వచ్చాడు మా వాడు, చేతిలో సమోసా, కళ్ల నిండా నీళ్లు!

"తాతయ్యా, నేను వరుసలో ఉండగా గోలు పడిపోయింది! నేను చూడనేలేదు!" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఒక్క సమోసా ఇవ్వడానికి ఇంత ఆలస్యమా అనుకుని, ఆట ముగిశాక ఆ అంగడి వద్దకు వెళ్లాను. అంగడిలో ఉన్న మనిషి నన్ను చూసి గబగబా చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు. "మాస్టారూ, నన్ను గుర్తు పట్టారా?" అన్నాడు. వాడు ఒకప్పుడు నా వద్ద లెక్కలు నేర్చుకున్న కుర్రవాడు! బడి ముగిశాక ఫిల్మ్‌నగర్ చేరి, సినిమా షూటింగుల్లో ప్రొడక్షన్ బాయ్‌గా పని చేశాడట. దీపాలు పట్టేవారి మొదలు కథానాయకుడి దాకా అందరికీ వేళకు టీ, టిఫిను, భోజనం అందించడం ఆ పని. తరువాత సొంతంగా వంట మొదలుపెట్టి, పోటీలున్న రోజుల్లో మైదానంలో అంగడి పెడుతున్నాడు.

"ఏమోయ్, మా మనవడి గోలు పోగొట్టావు గదా!" అన్నాను.

వాడు నవ్వి, "మాస్టారూ, కోప్పడే ముందు ఒక లెక్క చెయ్యండి," అన్నాడు. ఆ లెక్క మీరూ చెయ్యండి.

ఫుట్‌బాల్ ఆట 45 నిమిషాల చొప్పున రెండు సగాలు. నడుమ విశ్రాంతి 15 నిమిషాలకు మించరాదని ఆట నిబంధన. టెస్టు క్రికెట్లో భోజనానికి 40 నిమిషాలు, టీకి 20 నిమిషాలు ఉంటాయి. ఫుట్‌బాల్లో ఆ సుఖం లేదు. ఆ 15 నిమిషాల్లో కూడా మెట్లు దిగి పోవడానికీ, తిరిగి రావడానికీ 5 నిమిషాలు పోతాయి. మిగిలేవి 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు.

9,000 మంది ఆట చూడవచ్చారనుకోండి. ముగ్గురిలో ఒకరు అంగడికి వెళితే 3,000 మంది. ఒక్కొక్కరికి 30 సెకన్లు పడితే ఒక అంగడి 20 మందికే ఇవ్వగలదు. అప్పుడు 3,000 మందికి 150 అంగళ్లు కావాలి! అదే ఒక్కొక్కరికి 10 సెకన్లే పట్టేట్టు చేస్తే ఒక అంగడి 60 మందికి ఇవ్వగలదు. అప్పుడు 50 అంగళ్లు చాలు.

"ఆ 30 సెకన్లను 10 చెయ్యడమే మా విద్య అంతా," అన్నాడు మా పూర్వ విద్యార్థి.

ఎలా చేస్తారు? పదార్థాలు తక్కువ రకాలు పెడతారు. పది రకాలుంటే కొనేవాడు ఏది తినాలా అని ఆలోచిస్తూ నిలబడిపోతాడు. ధర 10 అనో 20 అనో పెడతారు. 17 రూపాయలని పెడితే చిల్లర వెతకడంతోనే సగం కాలం పోతుంది. ఒకరు డబ్బు తీసుకుంటే, ఇంకొకరు పొట్లం అందిస్తారు. పొట్లాలు విశ్రాంతికి ముందే కట్టి ఉంచుతారు. ఫోనుతో డబ్బు చెల్లిస్తే చిల్లర బాధ లేదు. కాని వేలమంది ఒక్కసారే ఫోనులు తీస్తే సిగ్నలు నత్తనడక నడుస్తుంది. ఆ రాత్రి మా వాడి ముందున్న ముగ్గురూ ఫోను వంకే చూస్తూ నిలబడ్డారట!

టీ సంగతి ఇంకా చిత్రమైనది. హైదరాబాదులో ఇరానీ హోటళ్లవారు ఈ చిక్కుకు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. వారు డికాషను ఒక పాత్రలోనూ, పాలు ఇంకొక పాత్రలోనూ వేరుగా కాచి ఉంచుతారు. మనిషి వచ్చి అడగ్గానే కప్పులో రెండూ కలపడమే పని. అప్పటికప్పుడు పొయ్యి మీద టీ మరిగిస్తే అయిదు నిమిషాలైనా పడుతుంది. ఆ లోపల ఎన్ని గోలులు పడిపోతాయో!

మైదానంలో అన్ని చోట్లా పొయ్యి పెట్టడానికి వీలులేదు, నిప్పు ప్రమాదం గదా. అందుచేత టీని పెద్ద ఫ్లాస్కుల్లో తెస్తారు. 1892లో స్కాట్లండుకు చెందిన జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో ఇంకొక పాత్ర పెట్టి, నడుమ ఉన్న గాలిని తీసివేశాడు. వేడి ఒక చోటి నుంచి ఇంకొక చోటికి పాకడానికి నడుమ ఉన్న పదార్థం తోడ్పడుతుంది. గాలి కూడా లేనప్పుడు వేడి తేలికగా బయటికి పోలేదు. ఆయన దాన్ని చేసింది ప్రయోగశాలలో అతి చల్లని ద్రవాలను చల్లగానే ఉంచడానికి. దాని సంతతే ఈనాడు మన టీని వేడిగా ఉంచుతున్నది!

ఇంతకూ మైదానంలోనే పెద్ద వంటిల్లు కట్టుకోరాదా అని మీరు అడగవచ్చు. ఆలోచించండి. ఏడాదిలో పోటీ ఉండే రోజులు కొన్నే. మిగిలిన రోజులు మైదానం ఖాళీ. అందుచేత చిన్న వ్యాపారులు వంట ఇంటి వద్దనే చేసి, వ్యానుల్లో సామాను తెచ్చి, రాత్రికి మళ్లీ సర్దుకుపోతారు. వాన పడి జనం రాకపోతే చేసినదంతా నష్టమే.

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. ఇంగ్లండులో చలి ఎక్కువ గనుక మాంసం సారంతో చేసిన వేడి పానీయమూ, మాంసం కూరిన పై అనే వంటకమూ ఆట చూసేవారికి అలవాటు. స్పెయిన్‌లో మనం పల్లీలు తిన్నట్టు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటారు. ఇంగ్లండులోనే ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అనే జట్టు తన మైదానంలో మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేని వంటకాలే అమ్ముతుంది.

నీటి సీసాల విషయంలో కూడా ఒక సంగతి ఉంది. అనేక మైదానాల్లో సీసాలు లోపలికి తేనివ్వరు. కొన్నిచోట్ల లోపల అమ్మే సీసాకు మూత తీసి మరీ ఇస్తారు. మూత బిగించిన నిండు సీసాను కోపంతో ఎవరైనా విసిరితే రాయిలాగా వెళ్లి తగులుతుంది. మూత లేనిదైతే దారిలోనే నీళ్లు ఒలికి తేలికైపోతుంది. అయితే సీసాలు వద్దన్నప్పుడు లోపల అందరికీ మంచినీళ్లు దొరికే ఏర్పాటు తప్పక ఉండాలి. చేతిలో డబ్బు లేని పిల్లవాడు కూడా దాహం తీర్చుకోగలగాలి. నన్నడిగితే మైదానంలో మొదటి అంగడి కుళాయే.

సరే, మళ్లీ మా అంగడి వద్దకు వద్దాం. మేము మాట్లాడుతుండగా మా వాడు జేబులోంచి ఇంకో 20 రూపాయల నోటు తీసి, అక్కడున్న తట్ట వంక చూపించాడు. తట్టలో ఇంకా 60 సమోసాలున్నాయి. ఇళ్లకు పోయేవారు కూడా ఆగి అడుగుతున్నారు. మా పూర్వ విద్యార్థి మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అదేమిటోయ్? చూస్తే బాగానే ఉన్నాయి గదా! సగం ధరకైనా అమ్మెయ్యరాదూ?" అన్నాను నేను.

వాడు తట్టకు కట్టిన చిన్న పలక చూపించాడు. దాని మీద సుద్దముక్కతో "7-00" అని రాసి ఉన్నది. షూటింగులో ప్రతి షాట్‌కూ పలక మీద అంకె వేసి క్లాప్ కొడతారు గదా, అక్కడ నేర్చుకున్న అలవాటట. ఏ తట్ట ఏ గంటకు బయట పెట్టాడో రాసి ఉంచుతాడు. అప్పుడు వేళ 9-20 అయింది.

"మాస్టారూ, చదరంగం గళ్లల్లో గింజల కథ మీరే గదా చెప్పారు! మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... బంగాళాదుంప కూరలో సూక్ష్మజీవులూ అంతే," అన్నాడు.

నేను మాట్లాడలేకపోయాను. వాడు చెప్పింది నిజం. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. 7 గంటల నుంచి 9-20 వరకు 140 నిమిషాలు, అంటే 7 సార్లు రెట్టింపు. ఒకటి 128 అవుతుంది! వండిన పదార్థాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగానైనా, 5 డిగ్రీలకు లోపల చల్లగానైనా ఉంచాలనీ, మామూలు వెచ్చదనంలో రెండు గంటలకు మించి ఉంచరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వేడిపెట్టెలో ఉన్న సమోసాలన్నీ అమ్ముడుపోయాయి. ఈ తట్ట మాత్రం రెండు గంటలు దాటి బయటే ఉన్నది. కంటికి బాగున్నంత మాత్రాన కడుపుకు బాగుంటాయని నమ్మకం లేదు.

"60 సమోసాలంటే 1,200 రూపాయలు. ఈ రోజు నీ లాభమెంత?" అని అడిగాను.

"ఆ 1,200లే, మాస్టారూ," అన్నాడు వాడు. తట్ట ఎత్తి సమోసాలన్నీ చెత్తడబ్బాలో పోసేశాడు. అవి పారెయ్యడం వాడికి ఇష్టమై కాదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. తరువాత మా వాడి చేతిలో ఒక పల్లీల పొట్లం పెట్టి, డబ్బు వద్దన్నాడు.

నేను నేర్పిన లెక్కను నేను మరిచాను, వాడు మరవలేదు. ఆ రాత్రి గురువు నేను కాదు.

మా వాడు పల్లీలు తింటూ, "నేను గోలు చూడలేదు," అని మళ్లీ అన్నాడు.

"ఇన్నేళ్లలో నేను ఒక్క గోలూ చూడలేదు బాబూ. అంగడి ముఖం బయటికి గదా! హోరు వినిపిస్తే మనవాళ్లు కొట్టారనుకుంటాను, నిట్టూర్పు వినిపిస్తే అవతలివాళ్లు కొట్టారనుకుంటాను," అన్నాడు మా పూర్వ విద్యార్థి నవ్వుతూ.

మా వాడు మరి ఏడవలేదు. కింద పడి ఉన్న కాగితపు కప్పులు నాలుగు ఏరి చెత్తడబ్బాలో వేశాడు. 2022లో ఖతార్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరిగినప్పుడు జపాను ప్రేక్షకులు ఆట ముగిశాక తాము కూర్చున్న చోటంతా శుభ్రం చేసి వెళ్లారు. ఆ బొమ్మలు వాడు టీవీలో చూశాడు.

పిల్లలూ, మీరు ఈసారి ఆట చూడబోయినప్పుడు ఈ మూడు పనులు చెయ్యండి. ఏం కావాలో వరుసలో ఉండగానే నిర్ణయించుకోండి. సరిపడా డబ్బు చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. తిన్న పొట్లం చెత్తడబ్బాలో వెయ్యండి. మీ వెనుక ఉన్నవాడికి ఒక గోలు మిగులుతుంది.

చివరికి ఒక లెక్క. 12,000 మంది వచ్చారు. నలుగురిలో ఒకరు అంగడికి వెళ్లారు. ఒక్కొక్కరికి 15 సెకన్లు పడుతుంది. పది నిమిషాల్లో అందరికీ అందాలంటే ఎన్ని అంగళ్లు కావాలి? జవాబు మీ అమ్మానాన్నలకు చెప్పండి. తరువాత, రాత్రి మిగిలిన కూర బయట పెట్టి ఎన్ని గంటలయిందో కూడా వారిని అడగండి!