బోర్డు మీది నంబరు ఒక్కటే చాలదు
(ఆశ్రమంలో చేర్చే ముందు కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు)



డిశ్చార్జి రోజున చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచానికే పరిమితమయ్యారు. ఇంట్లో మేమిద్దరం పనికి వెళ్లాలి. ఎక్కడైనా మంచి ఆశ్రమం ఉంటే చెప్పండి." ఇలా అడిగినందుకు సిగ్గుపడనవసరం లేదు. కొందరు రోగులకు ఇంట్లో చేయగలిగిన దానికంటే ఎక్కువ సేవ అవసరమవుతుంది. అయితే ఆశ్రమం దొరికిందన్న తొందరలో ముఖ్యమైన ఒక విషయాన్ని మరచిపోతుంటాము. ఆ ఆశ్రమం నడపడానికి చట్టప్రకారం అనుమతి ఉందా?

ఎందుకు అడగాలి?

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. తప్పించుకునే దారి లేక 28 మంది చనిపోయారు. వారిలో చాలామందిని అక్కడ చేర్చింది వారి సొంత కుటుంబ సభ్యులే. నయమవుతుందన్న ఆశతోనే చేర్చారు.

మన దగ్గర కూడా ఇటువంటిది జరిగింది. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో వృద్ధాశ్రమం పేరుతో నడుస్తున్న చోటి నుండి 70 మందికి పైగా పోలీసులు బయటకు తీసుకువచ్చారు. వారిలో మానసిక రోగులు కూడా ఉన్నారు.

"రిజిస్టర్డ్ నంబరు" అంటే ఏమిటి?

చాలా ఆశ్రమాల బోర్డుల మీద "రిజి. నం." అని ఒక అంకె ఉంటుంది. దాన్ని చూసి ప్రభుత్వం తనిఖీ చేసి అనుమతి ఇచ్చిందని అనుకుంటాము. చాలాసార్లు అది సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు మాత్రమే. కొంతమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారని మాత్రమే దాని అర్థం. గదులు, మరుగుదొడ్లు, పనివారు, రాత్రి కాపలా ఎలా ఉన్నాయో ఎవరో వచ్చి చూశారని కాదు. మీరు అడగవలసిన కాగితం వేరే ఉంది. అది ఏదన్నది మీరు చేర్చబోయే మనిషి పరిస్థితిని బట్టి మారుతుంది.

ఎవరికి ఏ చట్టం?

1. వికలాంగులు: వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 21 రకాల వైకల్యాలను గుర్తించారు. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం కూడా వీటిలో ఉన్నాయి. వికలాంగుల కోసం ఎవరు సంస్థ నడిపినా ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానిని అందరికీ కనిపించే చోట పెట్టాలి. గోడ మీద లేకపోతే చూపించమని అడగండి. దాని గడువు తేదీ కూడా చూడండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

2. మానసిక రోగులు: వీరిని చేర్చుకుని ఉంచే ఏ సంస్థ అయినా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్టర్ కావాలి. మద్యం, మత్తుమందుల వలన వచ్చే మానసిక సమస్యలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదు. బలవంతంగా గుండు చేయించరాదు. ఇష్టం లేని పని చేయించరాదు. సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. తప్పనిసరై రోగిని కదలకుండా పట్టి ఉంచవలసి వస్తే, దానికి మానసిక వైద్యుని అనుమతి ఉండాలి. 24 గంటల లోపల రోగి ప్రతినిధికి తెలియజేయాలి.

3. వృద్ధులు: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ప్రభుత్వమే ఏర్పాటు చేయవచ్చునని ఈ చట్టం చెబుతోంది. కాని ప్రైవేటు వృద్ధాశ్రమాలన్నీ రిజిస్టర్ కావాలన్న నిబంధన ఇందులో లేదు. 2019లో అటువంటి సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టారు గాని అది చట్టం కాలేదు. కనుక ఇక్కడ కుటుంబ సభ్యులే మరింత జాగ్రత్తగా ఉండాలి. జిల్లాలోని వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ ఆశ్రమం గురించి వారికి తెలుసా అని అడగండి.

4. వైద్యం కూడా చేస్తామనే ఆశ్రమాలు: మంచాలు వేసి, సెలైన్లు పెట్టి చికిత్స చేస్తుంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి వద్ద ఆసుపత్రిగా రిజిస్టర్ అయి ఉండాలి.

ఒకే మనిషికి రెండు చట్టాలు వర్తించవచ్చు. నాన్నగారు వృద్ధులే గాని, మతిమరుపు జబ్బు ముదిరి మనుషులను గుర్తు పట్టని స్థితిలో ఉంటే మామూలు వృద్ధాశ్రమం సరిపోదు. ఏ రకమైన సంస్థ అవసరమో డిశ్చార్జికి ముందే డాక్టరు గారిని అడగండి.

కాగితాలు చూశాక, కళ్లతో చూడండి

చెప్పకుండా వెళ్లండి. వీలైతే భోజనం వేళకు వెళ్లండి. ఈ విషయాలు గమనించండి.

• ఒక గదిలో ఎంతమంది ఉన్నారు? ప్రభుత్వ వృద్ధాశ్రమాల కోసం కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలలో, పడుకునే చోట ఒక్కొక్కరికి 7.5 చదరపు మీటర్లు (సుమారు 80 చదరపు అడుగులు) ఉండాలని ఉంది.
• మరుగుదొడ్డి దగ్గరలో ఉందా? పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా?
• రాత్రి పూట ఎవరు ఉంటారు? తలుపులకు బయట నుండి తాళాలు వేస్తారా? నిప్పంటుకుంటే మంచం మీది వారిని ఎలా బయటకు తెస్తారు?
• మందులు ఎవరు ఇస్తున్నారు? ఇచ్చినట్లు పుస్తకంలో రాస్తున్నారా?
• అక్కడున్న వారితో మిమ్మల్ని ఒంటరిగా మాట్లాడనిస్తారా?

నెలకు ఎంత, ఏమేమి చేస్తారు, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికి రశీదు తీసుకోండి. పింఛను పుస్తకం, ఏటీఎం కార్డు, ఆస్తి పత్రాలు ఆశ్రమం వారి చేతికి ఇవ్వకండి.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో పెద్దవారు అవుతారు. వారి తరఫున సంతకం చేయడానికి, నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకునిగా నియామకం పొందవచ్చు. ఆ పని ముందుగానే చేసుకోండి. మీ తరువాత బిడ్డకు అదే ఆధారం.

చేర్చిన తరువాత

ఆశ్రమానికి ఉన్నట్లే మనకూ చట్టం ఉంది. వయోవృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే 2007 చట్టం కింద మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తప్పుడు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లిపోయే వారు ఇది గుర్తుంచుకోవాలి. సరైన నంబరు మీ మనిషికి కూడా మేలు చేస్తుంది. ఎప్పుడైనా సంస్థ అనుమతి రద్దయితే, అక్కడి వారిని ఎవరికి అప్పగించాలో అధికారులకు తెలియాలి కదా!

అప్పుడప్పుడు వెళ్లి చూడండి. వెళ్లినప్పుడు దుప్పటి తీసి వీపు, మడమలు చూడండి. మంచాన పడిన వారికి పుండ్లు మొదటగా అక్కడే వస్తాయి. బరువు తగ్గారా, మాట్లాడడానికి భయపడుతున్నారా గమనించండి.

అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి?

• వృద్ధుల సహాయ ఫోన్ నంబరు: 14567
• ఉచిత న్యాయ సహాయం: 15100
• మానసిక ఆరోగ్య సలహా: 14416
• వికలాంగులను హింసిస్తున్నట్లు తెలిస్తే తహసీల్దారు లేదా ఆర్.డి.ఓ. గారికి ఎవరైనా తెలియజేయవచ్చు.
• ప్రాణాపాయం ఉంటే వెంటనే పోలీసులకు చెప్పండి.

సర్టిఫికెట్ చూపించమని అడిగితే మంచి ఆశ్రమం వారు నొచ్చుకోరు. సంతోషంగా గోడ వైపు చూపిస్తారు. "మా మీద నమ్మకం లేదా?" అని కోప్పడే చోట మీ వారిని వదలకండి. ఈ ప్రశ్నలు అక్కడి మంచం మీద పడుకునే మనిషి అడగలేరు. వారి తరఫున అడగవలసింది మీరే.