మున్సిపాలిటీ ఉంది.. కౌన్సిలరే లేడు
యానాం పల్లెల్లో మురుగుకాల్వ గోడు వినేదెవరు?

యానాం: కనకాలపేటలోనో, కురసాంపేటలోనో మురుగుకాల్వ పొంగితే ఎవరికి చెప్పుకోవాలి? గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్నకు బడిపిల్లాడు కూడా జవాబు చెబుతాడు.. వార్డు మెంబరుకో, సర్పంచికో అని. యానాంలో అలా చెప్పడానికి లేదు. ఇక్కడ పంచాయతీయే లేదు కాబట్టి సర్పంచి ఉండడు. కౌన్సిలర్ ఉండాలి గానీ, 2011 జూలైలో పదవీకాలం ముగిశాక ఆ కుర్చీలు ఖాళీ. మున్సిపల్ ఆఫీసుంది, కమిషనర్ ఉన్నారు, సిబ్బంది ఉన్నారు. ఓటేసి గెలిపించుకున్న మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2001 లెక్కల్లో జనం 31,394 మంది. పదేళ్లు తిరిగేసరికి, 2011 నాటికి 55,626 అయ్యారు. జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ పల్లె అన్నదే లేదు. నూటికి నూరుపాళ్లు పట్టణమే. అయితే బజారు దాటి దరియాలతిప్ప వైపో, ఇసుకతిప్ప వైపో, అడవిపొలం వైపో వెళితే కనిపించేది గౌతమి గట్టు, పడవలు, వలలు, ఎండబెట్టిన చేపలు, కొబ్బరిచెట్లు. కాగితం మీద పట్టణం, కాలు పెడితే పల్లె.

ఈ తేడా మాటల్లో తేడా కాదు, కూడు దగ్గర తేడా. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకే రాశారు. 2025 చివర్లో దాని స్థానంలో తెచ్చిన చట్టం కూడా గ్రామీణులకే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ భృతి ఇస్తారు, అది వేరే సంగతి. పొరుగునున్న సుంకరపాలెంలో పలుగూ పారా పట్టుకుని అడిగే హక్కున్న పని, సరిహద్దు ఇవతల ఫ్రాన్స్‌తిప్ప మత్స్యకారుడికి చట్టంలోనే లేదు. పోనీ పట్టణమని పూర్తి మర్యాద ఉందా అంటే, పట్టణానికి ఉండాల్సిన పాలకవర్గమే లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న చందం.

మేయర్లను చూసిన ఊరు

తమాషా ఏమిటంటే ఊరి పాలన ఎన్నుకున్నవారి చేతుల్లో ఉండటం యానాంకు కొత్త కాదు. ఫ్రెంచివారు 1880 మార్చి 12 డిక్రీతో తమ భారత స్థావరాల్లో కొమ్యూన్లు పెట్టినప్పుడు యానాం కూడా ఒక కొమ్యూన్ అయింది. మేయరు, కౌన్సిలు అప్పటి నుంచీ ఇక్కడి జనానికి తెలిసిన మాటలే. 1954 జూన్ 13న యానాం విమోచన జరిగింది. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికొచ్చింది. పుదుచ్చేరి మున్సిపాలిటీల చట్టం 1973లో వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ ఎన్నికలు రాలేదు.

స్థానిక ఎన్నికలు 1968లో జరిగాయి. ఆ తర్వాతివి 2006లో. అంటే మధ్యలో 38 ఏళ్లు. 21 ఏళ్ల వయసులో తొలి ఓటు వేసినవారు రెండో ఓటు వేసేసరికి 59 ఏళ్లవారయ్యారు. కోర్టులు గట్టిగా చెబితే తప్ప 2006లో కూడా అవి జరిగేవి కావు. ఐదేళ్లు గడిచాయి, 2011లో మళ్లీ తాళం పడింది. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం స్పష్టంగా చెబుతున్నా పట్టించుకున్నవారు లేరు.

2021 అక్టోబరులో మూడు విడతల ఎన్నికలకు షెడ్యూలు ఇచ్చారు. వార్డుల రిజర్వేషన్లలో తప్పులున్నాయంటూ కొందరు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు. మళ్లీ తేదీలిచ్చేసరికి బీసీ, ఎస్టీ రిజర్వేషన్లు తీసేశారని గొడవ. మళ్లీ కోర్టు, మళ్లీ వాయిదా. వెనుకబడిన తరగతుల లెక్క తేల్చడానికి విశ్రాంత న్యాయమూర్తి శశిధరన్‌తో కమిషన్ వేశారు. 2025 ముగిసింది, పోలింగ్ మాత్రం జరగలేదు. బీసీలకు న్యాయంగా రావాల్సిన వాటా దక్కాలన్న మాట సబబే. కానీ ఆ పేరుతో బీసీలకు, ఎస్సీలకు, మిగతావారికి.. ఎవరికీ ఒక్క సీటూ లేకుండా పోయింది.

అన్నీ ఒక్క గుమ్మం దగ్గరే

పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికైన సభ్యులు 30 మంది. యానాంకు ఒక్కరు. కౌన్సిలర్ లేనిచోట వీధిదీపం దగ్గర నుంచి ఇళ్ల పట్టా దాకా ఆ ఒక్క గుమ్మం దగ్గరే క్యూ కట్టాలి. తమవాడైతే పని జరుగుతుంది, అవతలి పార్టీవాడైతే తిరగాలి. లేదంటే పరిపాలనాధికారి కార్యాలయానికి అర్జీ. అదీ తేలకపోతే దాదాపు 870 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి. కాకినాడకు అరగంట, గంటలో వెళ్లొచ్చే జనానికి సొంత రాజధాని రెండు రాష్ట్రాల అవతల ఉంది. పుదుచ్చేరిలో అధికార భాష తమిళం. 1965 చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చినా, పై ఆఫీసుల దాకా అర్జీ తెలుగులో నడవడం కష్టమే.

డబ్బు సంగతీ అంతే. రాష్ట్రాల్లోని మున్సిపాలిటీలకు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు వస్తాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, ఆ సంఘం పరిధిలో లేదు. పైనుంచి వచ్చింది పుదుచ్చేరిలో పంచాలి. ఏ వీధికి ముందు సిమెంటు వేయాలో గట్టిగా వాదించే వార్డు ప్రతినిధి సమావేశంలోనే లేనప్పుడు, కనకాలపేట వాటా అడిగేదెవరు?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ లోటు అందరికీ తెలిసొచ్చింది. గట్టు పక్క కాలనీల్లోకి నీరొచ్చింది. అధికారులు వచ్చారు, నేతలు వచ్చారు. అయితే ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉంది, ఏ ఇంట్లో బాలింత ఉంది అన్నది పేరుపేరునా తెలిసేది వార్డు మనిషికే. అలాంటి పదవే ఖాళీ. గౌతమి వంతెన దాటితే ఎదుర్లంక. అక్కడ 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ఓటేసి ఎన్నుకున్న వార్డు మెంబర్లు ఆ వరద నాటికి పదవిలో ఉన్నారు.

యానాంలో 2006లో పద్దెనిమిదేళ్లకు తొలిసారి కౌన్సిలర్‌కు ఓటేసినవారు ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఓటు వయసుకొచ్చారు. ఎమ్మెల్యేకు, ఎంపీకి వేయడానికి వాళ్లకు ఓటుంది. తమ వీధి మనిషికి వేయడానికి లేదు.