కొబ్బరిచిప్పలోని శుద్ధిశక్తి

దేవునకు నివేదించిన కొబ్బరిని ప్రసాదముగా స్వీకరించి, చిప్పను పారవేయుచున్నాము. ఆ చిప్పయే జలశుద్ధికి మిక్కిలి ఉపకరించునని మనలో పలువురెరుగరు.

గాలి చొరకుండ కాల్చిన చిప్ప బొగ్గగును. ఆ బొగ్గును కర్మాగారములలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నీటియావిరికి గురిచేయుదురు. ఆవిరి బొగ్గులో కొంత భాగమును హరించి, కంటికి కానరాని రంధ్రములను లెక్కలేనన్ని తెరచును. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రముల గోడలన్నియు పరచినచో సుమారు 1000 చదరపు మీటర్లగును! చెడువాసనలు, రంగులు, కొన్ని విషపదార్థములు ఆ గోడలకంటుకొని నిలిచిపోవును. దీనినే ఉత్తేజిత కర్బనమందురు.

1918లో అమెరికా ప్రజలు ఇంటింట పండ్ల టెంకలను, కాయల పెంకులను ప్రోగుచేసి, సైనికుల విషవాయు నిరోధక ముసుగులకు కావలసిన బొగ్గుకై ఇచ్చిరి. కొబ్బరిచిప్పల బొగ్గు అందులకు శ్రేష్ఠమని తేలినది. మన పూర్వులు చెమటోడ్చి పండించిన చెరకునకును దీనితో సంబంధము కలదు. చక్కెర పాకపు రంగును తొలగించుటకు ఇట్టి బొగ్గు వాడుదురు.

అయితే ఇంటి పొయ్యిలోని బొగ్గు ఇట్టిది కాదు. ఉత్తేజిత కర్బనము సైతము రోగక్రిములను చంపజాలదు. కావున పసిపిల్లలున్న తల్లులు త్రాగునీటిని మరగించుట మానరాదు.

ఆలయమందలి చిప్పలను చెత్తలో కలుపక వేరుగా కూర్చుడని సోదరసోదరీమణులను కోరుచున్నాము. వేరుచేసిన చిప్ప ముడిసరుకు. చెత్తలో కలసినది చెత్తయే.