లైకెన్ స్క్లెరోసస్: ఆ భాగంలో ఏళ్ల తరబడి దురద, తెల్ల మచ్చలా..? కొబ్బరి నూనె మంచిదే.. కానీ అదొక్కటే సరిపోదు!

రాత్రి పడుకోగానే మొదలవుతుంది. గోకితే మంట.. గోకకపోతే నిద్ర పట్టదు. ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు. డాక్టర్‌కు చూపించాలంటే ఇంకా మొహమాటం. దాంతో పసుపు, వేపాకు నీళ్లు, కొబ్బరి నూనె, మెడికల్ షాపులో ఇచ్చిన ఏదో ఒక ట్యూబ్.. ఇలా ఏళ్లు గడిచిపోతుంటాయి. ముఖ్యంగా ముట్లు ఆగిపోయిన వయసు మహిళల్లో, జననాంగాల దగ్గర వచ్చే ఇలాంటి మొండి దురదకు ఒక కారణం లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. ఇంటి చిట్కాలతో దీనికి ఉపశమనం దొరుకుతుందా? దొరుకుతుంది. కానీ ఆ ఉపశమనమే ఒక్కోసారి అసలు జబ్బును కప్పిపెడుతుంది. ఏది మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది, ఎప్పుడు డాక్టర్‌ను కలవాలి.. పూర్తి వివరాలు తెలుసుకోండి.

అసలేంటీ జబ్బు?

ఇది కొత్తగా వచ్చిన రోగమేమీ కాదు. 1887లోనే ఫ్రాన్స్‌కు చెందిన చర్మవ్యాధుల వైద్యుడు హాలోపో దీని గురించి రాశారు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ సొంత చర్మం మీదే దాడి చేయడం వల్ల ఇది వస్తుందని వైద్యులు భావిస్తున్నారు. అందుకే ఈ జబ్బు ఉన్న కొందరిలో థైరాయిడ్ లాంటి సమస్యలు కూడా కనిపిస్తుంటాయి.

యోని బయటి భాగం, మలద్వారం చుట్టూ చర్మం తెల్లగా మారుతుంది. పల్చబడి, నలిపిన సిగరెట్ కాగితంలా ముడతలు పడుతుంది. చిన్న రాపిడికే చిట్లి పగుళ్లు వస్తాయి. మూత్రం తగిలితే మంట, దాంపత్య జీవితంలో నొప్పి, మలవిసర్జన సమయంలో చీరినట్టు బాధ.. ఇవన్నీ దీని లక్షణాలే. కొందరిలో దురద అసలు ఉండదు. మచ్చలు మాత్రమే కనిపిస్తాయి.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకోవాలి. ఇది అంటువ్యాధి కాదు. సుఖవ్యాధి అంతకన్నా కాదు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు. భర్త నుంచి భార్యకు, తల్లి నుంచి బిడ్డకు తాకడం వల్ల రాదు.

బొల్లి అనుకుంటారు.. ఫంగస్ అనుకుంటారు

తెల్ల మచ్చలు కనిపించగానే చాలామంది బొల్లి అని హడలిపోతారు. బొల్లిలో చర్మం రంగు మాత్రమే పోతుంది. సాధారణంగా దురద ఉండదు, చర్మం మెత్తదనం మారదు. లైకెన్ స్క్లెరోసస్‌లో రంగుతో పాటు చర్మం తీరే మారిపోతుంది.

ఇంకొందరు తెల్లబట్ట అనో, ఫంగస్ అనో అనుకుని క్రీములు మార్చి మార్చి రాస్తుంటారు. ఫంగస్ మందు వేసినా దురద మళ్లీ మళ్లీ వస్తోందంటే.. అది ఫంగస్ కాకపోవచ్చు. "ఈ వయసులో ఇలాగే ఉంటుందిలే" అని సరిపెట్టుకునే వాళ్లూ తక్కువేం కాదు. ముట్లు ఆగాక పొడిబారడం మామూలే కానీ, తెల్ల మచ్చలు, పగుళ్లు మామూలు విషయం కాదు.

దురద తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. దురద వేరు, జబ్బు వేరు. కొబ్బరి నూనె రాస్తే దురద తగ్గొచ్చు. కానీ చర్మం లోపల జరిగే వాపు ఆగదు. ఆ వాపు అలాగే కొనసాగితే అక్కడ మచ్చ కడుతుంది. యోని లోపలి పెదవులు క్రమంగా పక్క చర్మానికి అతుక్కుపోతాయి. యోని ద్వారం ఇరుకవుతుంది. ఒకసారి పోయిన ఆకృతి మందులతో తిరిగి రాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ జబ్బు ఉన్న మహిళల్లో ఆ భాగంలో చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. భయపడేంత పెద్ద సంఖ్య కాదు.. నూటికి ఐదుగురి లోపే. అయితే మంచి వార్త ఏంటంటే, క్రమం తప్పకుండా మందు వాడితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో 507 మంది మహిళలను పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. డాక్టర్ చెప్పినట్టు మందు వాడిన 357 మందిలో ఒక్కరికీ క్యాన్సర్ గానీ, దానికి ముందు దశ గానీ రాలేదు. మధ్యమధ్యలో మానేసిన 150 మందిలో ఏడుగురికి వచ్చింది. తేడా ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో చేసుకునేవి.. ఇవి నిజంగా పనికొస్తాయి

ఇంటి చిట్కాలన్నీ వృథా అని కాదు. మందుతో పాటు వీటిని పాటిస్తే చాలా హాయిగా ఉంటుంది.

* కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ: వాసన, రంగు కలపని స్వచ్ఛమైన కొబ్బరి నూనె గానీ, వాసన లేని పెట్రోలియం జెల్లీ గానీ రోజుకు రెండు మూడు సార్లు పల్చగా రాసుకోవచ్చు. చర్మం పొడిబారకుండా ఉంటుంది. మూత్రానికి వెళ్లే ముందు కొద్దిగా రాసుకుంటే మంట తగ్గుతుంది. అయితే నూనె, జెల్లీ తగిలితే రబ్బరు కండోమ్‌లు దెబ్బతింటాయని గుర్తుంచుకోవాలి.

* గోరువెచ్చని నీళ్ల టబ్: వెడల్పాటి టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి 10 నిమిషాలు కూర్చోవాలి. అందులో ఏమీ కలపక్కర్లేదు. తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్దుకోవాలి.. రుద్దకూడదు. తడి ఆరకముందే నూనె గానీ జెల్లీ గానీ రాస్తే తేమ నిలుస్తుంది.

* చల్లని కాపడం: దురద తట్టుకోలేనప్పుడు చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డను ఐదు నిమిషాలు ఉంచితే చాలు. ఐస్‌ను నేరుగా చర్మం మీద పెట్టకూడదు.

* ఓట్స్ నీళ్లు: మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను పల్చటి గుడ్డలో మూటకట్టి టబ్ నీళ్లలో వేస్తే నీళ్లు జిగురుగా మారతాయి. పొడి చర్మానికి ఇది హాయినిస్తుంది.

* బట్టల విషయంలో: లోదుస్తులు వదులుగా, నూలువి ఉండాలి. బిగుతు లెగ్గింగ్స్, జీన్స్ తగ్గించాలి. రాత్రిపూట నైటీ లోపల లోదుస్తులు లేకుండా పడుకుంటే గాలి తగులుతుంది. సబ్బు పొడి వదిలిపోయేలా బట్టలను రెండుసార్లు జాడించాలి.

* గోళ్లు కత్తిరించుకోవడం: చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. ఈ జబ్బులో గోకిన చోట, రాపిడి తగిలిన చోట కొత్త మచ్చలు పుట్టుకొస్తాయి. నిద్రలో తెలియకుండా గోకినా నష్టం తక్కువగా ఉండాలంటే గోళ్లు పొట్టిగా ఉంచాలి.

వీటి జోలికి మాత్రం వెళ్లొద్దు

సహజమైనది కాబట్టి హాని చేయదు అనుకోవడం పొరపాటు. ఇక్కడి చర్మం చేతుల మీద చర్మంలా ఉండదు. అప్పటికే పల్చబడి, చిట్లి ఉంటుంది.

* నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి: ఇవి చర్మాన్ని కాల్చేస్తాయి. వెల్లుల్లి ముద్ద కట్టుకుని బొబ్బలు తెచ్చుకునే వాళ్లూ ఉంటారు.

* పసుపు ముద్ద, సున్నిపిండి: ఒంటికి రాసుకునే అలవాటు ఉంది కదా అని ఇక్కడా రుద్దితే గరుకుదనానికి పగుళ్లు పెరుగుతాయి. పసుపు కొందరికి అలర్జీ కూడా తెస్తుంది.

* వేపాకు రసం, వేప నూనె, టీ ట్రీ ఆయిల్: ఈ జబ్బుకు కారణం క్రిములు కాదు. కాబట్టి క్రిములను చంపే వాటితో ప్రయోజనం లేదు. ఘాటుకు మంట మాత్రం ఖాయం.

* కలబంద: తెల్లటి గుజ్జు కొందరికి చల్లగా అనిపిస్తుంది. కానీ ఆకు కోసినప్పుడు కారే పసుపు రంగు జిగురు దురద పుట్టిస్తుంది. షాపుల్లో దొరికే జెల్‌లలో సెంటు, ఆల్కహాల్ కలిపి ఉండొచ్చు. వాడాలనుకుంటే ముందు మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడాలి.

* క్రిమిసంహారక ద్రావణాలు, సెంటు సబ్బులు, వెట్ వైప్స్, పౌడర్లు: బకెట్ నీళ్లలో ఘాటైన ద్రావణం కలిపి కడుక్కునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దీనివల్ల చర్మం ఇంకా పొడిబారుతుంది. మామూలు నీళ్లు చాలు.

ఆయుర్వేదంలో చెప్పే శతధౌత ఘృతం, అంటే నీళ్లతో వందసార్లు కడిగిన నెయ్యి, చర్మానికి మెత్తదనం ఇస్తుంది. కానీ అది ఈ జబ్బును అదుపు చేస్తుందన్న నిరూపణ లేదు. ఇక పథ్యం సంగతి. దురద అనగానే వంకాయ, గోంగూర, చేపలు మానేయమంటారు. అవి మానేస్తే లైకెన్ స్క్లెరోసస్ తగ్గుతుందనడానికి ఆధారాల్లేవు. నచ్చిన తిండి మానుకుని నీరసపడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

స్టెరాయిడ్ అంటే భయమెందుకు?

ఈ జబ్బుకు ప్రపంచవ్యాప్తంగా వైద్యులు మొదట రాసే మందు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. పేరు వినగానే చాలామంది వెనకడుగు వేస్తారు. ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాసి చర్మం పాడైన వాళ్ల గురించి విని ఉంటారు కాబట్టి ఆ భయం సహజమే. కానీ ఇక్కడ లెక్క వేరు.

సాధారణంగా మొదటి నెల రోజుకోసారి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయమంటారు. ఒక్కసారికి కావాల్సింది చూపుడు వేలి మొదటి గీత నుంచి కొస వరకు పట్టేంత.. అంటే దాదాపు అర గ్రాము. 30 గ్రాముల ట్యూబ్ మూడు నెలలు రావాలి. అంతకంటే చాలా ముందే అయిపోతే ఎక్కువ రాస్తున్నట్టు. ఏడాదైనా అవ్వకపోతే సరిగా రాయనట్టు. మంట, దురద కొన్ని వారాల్లోనే తగ్గుతాయి. చర్మం మెరుగుపడటానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత కూడా డాక్టర్ చెప్పిన మేరకు అప్పుడప్పుడు రాస్తూ ఉండాలి. ఇది బీపీ, షుగర్ లాంటిదే. పూర్తిగా పోదు.. అదుపులో ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది మరో విషయంలో. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపిన క్రీములను మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రాయకూడదు. నిజంగా ఫంగస్ ఉంటే అవి దాన్ని మొండిగా మారుస్తాయి. లైకెన్ స్క్లెరోసస్ ఉంటే లక్షణాలు సగం సగం తగ్గి, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.

ఇంతకీ నూనె ఎప్పుడు, మందు ఎప్పుడు? రెండూ ఒకేసారి రాస్తే మందు పలుచనవుతుంది. రెండింటికీ మధ్య కనీసం అరగంట తేడా ఉండాలి.

మగవాళ్లలో, చిన్నారుల్లో కూడా..

ఇది ఆడవాళ్లకు మాత్రమే వచ్చేది కాదు. మగవాళ్లలో అంగం ముందరి చర్మం తెల్లబడి, గట్టిపడి వెనక్కి రాకుండా బిగుసుకుపోతుంది. మూత్రం ధార సన్నబడొచ్చు. ఆయింట్‌మెంట్‌తో తగ్గకపోతే సున్తీ చేస్తే చాలామందికి నయమవుతుంది.

పెద్దమనిషి కాని ఆడపిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. పాప పదే పదే అక్కడ గోక్కోవడం, మూత్రానికి వెళ్లాలంటే ఏడవడం, నొప్పి వల్ల దొడ్డికి వెళ్లకుండా ఆపుకోవడంతో మలబద్ధకం.. ఇలాంటివి ఉంటే నులిపురుగులు అని మందు వేసి ఊరుకోకుండా ఒకసారి చూపించాలి. పాపను "చేయి తియ్" అని కసరడం వల్ల ఉపయోగం లేదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

* రెండు మూడు వారాలైనా మానని పుండు
* చేతికి తగిలే గడ్డ, గట్టిపడిన చోటు, పులిపిరిలా పెరిగే భాగం
* గోకకపోయినా రక్తం కారడం
* మందు వాడుతున్నా ఒకేచోట తగ్గని నొప్పి, దురద
* మూత్రం పోయడం కష్టమవడం

ఇలాంటి సందర్భాల్లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మిగతా వారిలో చాలాసార్లు డాక్టర్ చూసి గుర్తుపట్టేస్తారు. చికిత్స మొదలైన మూడు నెలలకు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. మధ్యలో నెలకోసారి చిన్న అద్దం పెట్టుకుని సొంతంగా చూసుకోవడం అలవాటు చేసుకుంటే మార్పు ముందే తెలుస్తుంది.

ఎవరికి చూపించాలి? ఎలా చెప్పాలి?

గైనకాలజిస్ట్ గానీ, చర్మవ్యాధుల వైద్యులు గానీ చూస్తారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. బోర్డు మీద చర్మ, సుఖవ్యాధుల విభాగం అని ఉండటంతో చాలామంది మహిళలు ఆ లైన్‌లో నిలబడటానికే జంకుతారు. ఆ పేరు విభాగానిది.. లోపలికి వెళ్లే వాళ్ల జబ్బుది కాదు. మహిళా డాక్టర్ కావాలని అడగొచ్చు. తోడుగా ఇంట్లో ఆడవాళ్లను లోపలికి తీసుకెళ్లొచ్చు.

నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇచ్చినా చాలు. ఎన్నాళ్ల నుంచి దురద, ఏమేం రాశారు, మచ్చలు ఉన్నాయా, మంట ఎప్పుడు.. ఈ నాలుగు ముక్కలు చాలు. వాడిన ట్యూబ్‌లు కూడా వెంట తీసుకెళ్లాలి. "చూడకుండానే మందు రాయండి" అని మాత్రం అడగొద్దు. చూడకపోతే ఈ జబ్బు దొరకదు.

కొబ్బరి నూనె సీసా పక్కన పెట్టేయాల్సిన పనిలేదు. దాని పక్కనే డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ కూడా ఉండాలి. అంతే తేడా.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు వాడాలన్నా, వాడుతున్నది మానేయాలన్నా ముందుగా వైద్యులను సంప్రదించడం తప్పనిసరి.)