చెయ్యి పోయినా కండరం మరిచిపోదు

ఒక చిన్న పని చేసి చూడండి. ఎడమ అరచేతిని కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త కిందుగా ఉంచి, కుడి చేతి వేళ్లను ఆడించండి. చర్మం కింద ఏదో కదులుతున్నట్టు తెలుస్తుంది. వేళ్లను ముడిచే, చాపే ముఖ్యమైన కండరాలు అక్కడే ఉన్నాయి. స్నాయువులనే గట్టి తాళ్లతో అవి వేళ్లను లాగుతాయి.

అందుకే మణికట్టు దగ్గర చెయ్యి పోయినవారికి కూడా ఆ కండరాలు చాలావరకు మిగిలే ఉంటాయి. "పిడికిలి బిగించు" అని మెదడు చెబితే అవి ఇప్పటికీ బిగుసుకుంటాయి. అప్పుడు పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును, సూది గుచ్చకుండా, చర్మం పైనుంచే కొలవవచ్చు.

పట్టీ చేసే పని

కెనడాలోని థాల్మిక్ ల్యాబ్స్ సంస్థ 2013లో 'మయో' అనే ముంజేతి పట్టీని ప్రకటించింది. అందులో కండరాల విద్యుత్తును సెకనుకు 200 సార్లు కొలిచే 8 సెన్సార్లు, చేతి కదలికను గుర్తించే మరో సెన్సారు ఉన్నాయి. పిడికిలి బిగించడం, వేళ్లు చాపడం వంటి 5 సైగలను అది గుర్తించేది. 2018లో దాని అమ్మకం ఆగిపోయింది. కానీ పరిశోధకులు దానితో కృత్రిమ చేతులను కదిలించి చూపారు. ఆ పద్ధతి నేటికీ పనికివస్తున్నది.

కొత్త సైగ నేర్పడం ఎలా?

అందరి కండరాలు ఒక్కలా ఉండవు. కాబట్టి మనిషి యంత్రానికి అలవాటు పడేకంటే, యంత్రానికే ఆ మనిషి సైగలు నేర్పడం మేలు.

1. పట్టీని ప్రతిసారీ ఒకే చోట, ఒకే వైపు తిప్పి ధరించాలి.
2. ఒక్కొక్క సైగను కొన్ని సెకన్లు పట్టి ఉంచి వదలాలి. ఇలా చాలాసార్లు చేయాలి.
3. చెయ్యి ఊరకే ఉండటాన్నీ ఒక సైగగా నేర్పాలి. లేకుంటే యంత్రం విశ్రాంతిని కూడా ఆజ్ఞ అనుకుంటుంది.
4. చెయ్యి కిందికి వేలాడేసి, ముందుకు చాపి, పైకెత్తి కూడా చేయాలి.

కంప్యూటరు ఈ కొలతలను చిన్న ముక్కలుగా చూస్తుంది. సెకనులో ఐదో వంతు తీసుకుంటే ఒక్కో సెన్సారు నుంచి 40, మొత్తం 320 కొలతలు. ఏ సెన్సారు దగ్గర ఎంత బలం ఉందో పోల్చి, ఏ సైగో తేలుస్తుంది. నేర్పడానికి వాడని కొత్త సైగలతో పరీక్షించాకే దాన్ని నమ్మాలి.

ఎందుకు తప్పుతుంది?

పట్టీ కాస్త పక్కకు జరిగినా, చెమట పట్టినా, కండరం అలసినా యంత్రం పొరబడుతుంది. అది రోగి తప్పు కాదు. కాసేపు ఆగి, మళ్లీ నేర్పితే సరిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి పోయి ఉంటే

"లేని వేళ్లు కదులుతున్నట్టు ఉంది" అని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. ఎవరేమనుకుంటారోనని లోలోపలే దాచుకుంటారు. అది పిచ్చి కాదు, భ్రమ అని నవ్వవలసిన మాట అసలే కాదు. చెయ్యి కోల్పోయినవారిలో చాలామందికి అలా అనిపిస్తుంది. ఆ 'లేని చేతి'ని కదపగలగడమే కొందరికి కృత్రిమ చేతిని నడిపే తొలి మెట్టు. నొప్పి కూడా ఉంటే తప్పక డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉంది.

గాయం పూర్తిగా మానాక, ఏ కండరాలు పని చేస్తున్నాయో ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోండి. వారు చూపిన వ్యాయామం రోజూ చేయండి. వాడని కండరం సన్నబడుతుంది. వాడే కండరం ఆజ్ఞ కోసం సిద్ధంగా ఉంటుంది.